భుజస్నాయువుల వైద్య చరిత్ర

మన భాషలో బలమునకు భుజమే గుర్తు. పరాక్రమవంతుని భుజబలశాలి యందుము. మెచ్చిన వానిని భుజము తట్టుదుము. ఇంటి భారము వహించినవాడు దానిని భుజాన వేసుకొనె నందుము. ఇంత పేరుగన్న ఈ భుజము నిజమునకు మన దేహమందలి పెద్ద కీళ్లలో మిక్కిలి నిలుకడ తక్కువది. తుంటియందు తొడయెముక తల లోతైన గిన్నెలో కూర్చుండును. భుజమునం దట్లు కాదు. రెక్కయెముక అంచున నున్న పల్లము లోతు లేనిది. దానిపై దండయెముక గుండ్రని తల, చిన్న పళ్లెములో పెద్ద బంతి నుంచినట్లు, ఆనియుండును. అందుచేతనే చేయి ముందునకును వెనుకకును పైకిని తిరుగగలదు. అందుచేతనే అది సులువుగా తొలగను గలదు.

ఆ బంతిని జారిపోనీక పట్టియుంచునవి నాలుగు చిన్న కండరములు. రెక్కయెముకనుండి బయలుదేరిన ఈ నాలుగును చివరకు పలుచని, గట్టి పట్టీలుగా మారి, చొక్కా చేతిపట్టీ మణికట్టును చుట్టినట్లు దండయెముక తలను చుట్టుకొనును. పాశ్చాత్య వైద్యులు దీనినే రొటేటర్ కఫ్ అందురు. కండరమును ఎముకకు కట్టు ఆ పట్టీయే స్నాయువు. నాలుగింటిలో పైనున్న దానికి సుప్రాస్పైనేటస్ అని పేరు. చేయి పైకెత్తునపుడు ఎముక తలను పల్లమున కుదురుగా నొక్కిపట్టుట దాని పని. దెబ్బతినుటలోను దానిదే మొదటి స్థానము.

ఈ స్నాయువులు అరిగి తెగుట సాధారణముగా నడివయసు దాటినవారికి కలుగు బాధ. నలువది యేండ్లలోపు వారికి అది అరుదు. కాని అరుదైన దగుటచేతనే యువకుల విషయమున అది గుర్తింపునకు రాక చిరకాలము మరుగుపడినది. బస్తాలు మోయు హమాలీ, తాటిచెట్టెక్కు గీతపనివాడు, ఎత్తైన గోడలకు రంగు వేయువాడు, బంతి విసరు ఆటగాడు, వీరికి చేయి తలపైకి లేవకున్న బ్రతుకుతెరువే నిలిచిపోవును. అట్టివాని భుజములో ఏమి జరిగినదో వైద్యులు తెలిసికొనుటకు ఎంతకాలము పట్టినదో, తెలిసికొన్న పిదప ఎట్టి పొరపాట్లు పడిరో, వానిని ఎట్లు దిద్దుకొనిరో ఈ ప్రసంగమున మేము చెప్పదలచితిమి.

ప్రాచీనులు ఈ కీలు నెరుగనివారు కారు. క్రీ.పూ. 1600 ప్రాంతమున ఈజిప్టులో వ్రాయబడి, నేడు ఎడ్విన్ స్మిత్ పేరిట ప్రసిద్ధమైన శస్త్రవైద్య పత్రమున జత్రుక తొలగుటయు దండయెముక విరుగుటయు వర్ణింపబడినవి. మన సుశ్రుతుడు కీళ్లు తొలగుటను ఆరు విధములుగా విభజించి, భుజసంధి తొలగినపుడు చంక క్రింద రోకలి నుంచి పైకెత్తి, ఎముక స్వస్థానము చేరిన పిమ్మట స్వస్తికాకారమున కట్టు కట్టవలెనని విధించెను. ఆయనయే నిదానస్థానమున అవబాహుక మను వ్యాధిని పేర్కొని, వాతము మూపునందు చేరి అచటి బంధనములను శుష్కింపజేసి, సిరలను ముడుచుకొనజేయునని చెప్పెను. చేయి ఆడింపలేని దుస్థితికి కారణమును ఎముకయందే గాక, దానిని కట్టియుంచు మెత్తని భాగములందును వెదకవలెనన్న ఊహ ఆ మాటలలో కలదు. ఇచట పదముల చరిత్రయు కొంత వింతగొలుపును. సుశ్రుతుడు కండర యని పిలిచినది నేటి స్నాయువునకు దగ్గరిది. అట్టివి దేహమున పదునారని ఆయన లెక్కించెను. తెలుగున ఆ మాట కండను చెప్పుటకు స్థిరపడిపోయెను.

గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేర వెలసిన కీళ్ల గ్రంథమున యువకుల ప్రస్తావన స్పష్టముగా కానవచ్చును. మాటిమాటికి భుజము తొలగుట వలన, వ్యాయామమున నేర్పరులైనవారు సైతము మల్లరంగమునకు దూరమైరనియు, కొందరు యుద్ధమున ఆయుధము ప్రయోగింపలేక ప్రాణములు గోల్పోయిరనియు అందు చెప్పబడినది. దీనికి ఆ గ్రంథము చెప్పిన చికిత్స కఠినమైనది. చంకయందలి చర్మమును కాల్చిన ఇనుపకడ్డీతో వాతలు పెట్టి, ఆ పుండు మాని బిగిసికొనుటచే ఎముక జారకుండ చేయవలెనట. పద్ధతి మోటదే యైనను, సడలిన దానిని బిగింపవలెనన్న తలంపు మాత్రము నేటికిని నిలిచియున్నది.

తొలగిన కీలు కంటికి కనబడును. తెగిన స్నాయువు చర్మము క్రింద దాగియుండును. కావున దానిని మొదట చూచినది రోగిశయ్యకడ గాదు, శవపరీక్షశాలలో. స్కాట్లండులోని ఎడింబరో నగరమున శరీరశాస్త్రము బోధించిన అలెగ్జాండర్ మన్రో 1788లో దేహమందలి ద్రవపు తిత్తులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించుచు, భుజముపై స్నాయువులందు అంచులు చిరిగిన రంధ్రమును వర్ణించెను. 1834లో జే. జీ. స్మిత్ అను వైద్యుడు భుజమున గాయపడిన ఏడు దేహములను పరీక్షించి, తెగిన స్నాయువులను గూర్చి లండను వైద్యపత్రికలో వ్రాసెను. ఆ వ్యాసము నాటివారి దృష్టి నాకర్షింపలేదు. 1872లో పారిస్ శస్త్రవైద్యుడు డ్యుప్లే భుజపు నొప్పులన్నియు కీలులోనివి కావనియు, కీలు చుట్టునున్న భాగముల వాపుచే పెక్కు పుట్టుననియు చూపెను. ఇది ఒక ముందడుగు. కాని ఆ పిమ్మట నొప్పి కలిగిన ప్రతి భుజమునకును అదే పేరు పెట్టి ఊరకుండుట వైద్యులకు అలవాటైపోయెను.

1895లో రంట్జెను ఎక్స్ కిరణములను కనుగొనెను. దేహము లోపల చూడగల కన్ను మానవునకు దొరకినది. అయితే ఆ కన్ను ఎముకను చూచునే గాని స్నాయువును చూడదు. నిచ్చెనపైనుండి పడి చేయి ఎత్తలేకున్న పనివానికి చిత్రము తీసి, ఎముక విరుగలేదు గనుక భయము లేదని చెప్పి పంపుట పరిపాటి యయ్యెను. ఈ లోపమును గ్రహించిన వాడు, ఎక్స్ కిరణములతో మొదటి దినములలోనే పనిచేసిన ఒక అమెరికను వైద్యుడే యగుట విశేషము.

ఆయన పేరు ఎర్నెస్టు అమోరీ కాడ్మన్. 1869 డిసెంబరు 30న బాస్టన్ నగరమున జన్మించెను. హార్వర్డులో వైద్యవిద్య నభ్యసించుచుండగా, సహాధ్యాయి హార్వీ కుషింగుతో గూడి, రోగికి మత్తు నిచ్చునపుడు నాడిని, శ్వాసను ఎప్పటికప్పుడు పత్రముపై గుర్తించు పద్ధతి నారంభించెను. లెక్క వ్రాయుట, ఫలితము చూచుట అనునవి యౌవనమునుండియు ఆయన స్వభావము. భుజముపై నున్న తిత్తిని పరిశీలించుచు, ఆయన చూపు దాని క్రిందనున్న స్నాయువుపై పడెను. 1909లో తెగిన సుప్రాస్పైనేటస్‌ను కుట్టి బాగుచేసెను. అట్టి రెండు చికిత్సల వివరము 1911లో బాస్టన్ వైద్యపత్రికలో వెలువడెను. తెగినదానిని గుర్తించి, కుట్టి, ఫలితమును ప్రకటించిన ఆ వ్యాసముతోనే నేటి భుజశస్త్రచికిత్స మొదలైనదని చెప్పుట వాడుక.

ఆ సంవత్సరమే మసాచుసెట్సు రాష్ట్రమున పనిలో గాయపడిన కార్మికునకు పరిహార మిచ్చు శాసనము పుట్టినది. అప్పటినుండి భుజస్నాయువు వైద్యశాలకే గాక న్యాయస్థానమునకును సంబంధించిన దయ్యెను. ప్రమాదమున తెగినచో యజమాని పరిహార మీయవలెను. వయసుచే అరిగి తెగినచో ఈయ నక్కరలేదు. కాడ్మన్ దెబ్బయే ప్రధాన కారణమని వాదించెను. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు శరీరశాస్త్రజ్ఞుడు ఆర్థర్ మేయరు పెక్కు శవములను పరీక్షించి, నిత్యపు రాపిడిచే స్నాయువు అరిగి తెగునని వాదించెను. ఇరువురి మాటలోను సత్యము కలదని నేడు మన మెరుగుదుము. ముదిమిలో అరుగుదల ప్రధానము, యౌవనమున దెబ్బయు, విసరుటలోని అతిశ్రమయు ప్రధానములు.

కాడ్మన్ చేసిన రెండవ పని మొదటిదానికంటె గొప్పది, ఆయనకు కష్టములు తెచ్చినదియు అదియే. ప్రతి వైద్యశాలయు ప్రతి రోగిని చికిత్స ముగిసిన పిదప కనీసము ఏడాది వరకు గమనించి, ఫలితము మంచిదా చెడ్డదా తెలిసికొని, చెడ్డదైనచో కారణమును వ్రాసి ప్రకటింపవలెనని ఆయన పట్టుపట్టెను. దీనిని తుదిఫలిత సిద్ధాంత మందురు. నాటి పెద్ద ఆసుపత్రులందు శస్త్రవైద్యుల హోదా వారి ఫలితములనుబట్టి గాక, వారి వయసునుబట్టి పెరుగుచుండెను. ఇది తగదని కాడ్మన్ 1914లో మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రి కొలువు విడిచెను. అంతకుముందే 1911లో ఆయన స్వంతముగా ఒక చిన్న ఆసుపత్రి నెలకొల్పియుండెను. 1911 నుండి 1916 వరకు అచటినుండి వెళ్లిన 337 మంది రోగుల విషయమున 123 పొరపాట్లు జరిగినవని తానే లెక్కించి అచ్చువేయించెను. తన తప్పులను ఇట్లు అంకెలతో లోకమునకు చెప్పిన వైద్యుడు అంతకుముందు అరుదు.

1915 జనవరిలో బాస్టన్ వైద్యుల సభయందు ఆయన ఒక పెద్ద వ్యంగ్యచిత్రమును ప్రదర్శించెను. నగరపు ధనికులను ఇసుకలో తలదూర్చి బంగారు గ్రుడ్లు పెట్టు నిప్పుకోడిగాను, వైద్యులను ఆ గ్రుడ్ల నేరుకొనువారిగాను అందు చూపెను. సభ అల్లకల్లోలమయ్యెను. ఆయన అధ్యక్షపదవి పోయెను, స్నేహితులు దూరమైరి, ఆదాయము తగ్గెను. అయినను ఆయన వెనుదీయలేదు. 1920లో ఎముకలకు వచ్చు ప్రాణాంతక కంతులను నమోదు చేయు చిట్టా నారంభించెను. 1934లో భుజమును గూర్చి తన స్వంత ధనముతో ఒక ఉద్గ్రంథము ముద్రింపించెను. వైద్యులు నేడు కూడ వాడు ఘనీభవించిన భుజమను పేరు అందులోనిదే. నడుము వంచి చేతిని గడియారపు లోలకమువలె ఊపు వ్యాయామము నేటికిని ఆయన పేరనే ప్రసిద్ధము. 1940 నవంబరు 23న ఆయన మరణించెను. సమాధిపై పేరు చెక్కిన రాయియు లేకపోయెను. 2014లో వైద్యులు పూనుకొని అచట శిలను నిలిపిరి.

పిదపటి చరిత్ర వేగముగా నడచినది. 1939లో స్వీడను దేశపు వైద్యుడు లిండ్‌బ్లోమ్ కీలులోనికి ఎక్స్ కిరణములకు కనబడు ద్రవమును ఎక్కించి, అది చిరుగుగుండ పైకి కారుటను చిత్రమున చూపెను. కత్తి పెట్టకయే చిరుగును కనుగొనుట అప్పటికి సాధ్యమైనది. 1944లో న్యూయార్కు వైద్యుడు మెక్‌లాఫ్లిన్ తెగిన స్నాయువును ఎముకలో గాడి చేసి అందు కుట్టు విధమును వివరించెను. 1950 తరువాత హైడ్రోకార్టిజోను మందును కీళ్లలో సూదితో ఎక్కించుట వాడుకలోనికి వచ్చినది. ఇది నొప్పిని త్వరగా తగ్గించును. కాని మాటిమాటికి ఎక్కించినచో స్నాయువు బలహీనపడునని పిమ్మట తెలిసినది. నొప్పి పోయినదని వెంటనే బరువు లెత్తిన యువకునకు అది మేలుకంటె కీడే చేయగలదు.

1972లో చార్లెసు నీర్ అను న్యూయార్కు శస్త్రవైద్యుడు ఒక క్రొత్త సిద్ధాంతమును ప్రతిపాదించెను. చేయి ఎత్తినపుడు భుజశిఖరపు ఎముక క్రిందనున్న స్నాయువును నలుపుననియు, ఆ ఎముక అడుగుభాగమును చెక్కివేసినచో ఒరపిడి తగ్గుననియు చెప్పెను. 1983లో ఆయన ఈ వ్యాధిని మూడు దశలుగా విభజించెను: ఇరువదియైదేండ్లలోపు వారికి వాపు, ఇరువదియైదు మొదలు నలువది వరకు స్నాయువు గట్టిపడుట, నలువది దాటినవారికి చిరుగు. ఈ లెక్క సులువుగా జ్ఞాపకముండును గనుక లోకమంతట వ్యాపించెను. ఇంతలో జపానునుండి మరియొక సాధనము వచ్చినది. 1918లో టకాగి శవపు మోకాలిలోనికి సన్నని దర్శినిని చొప్పించి చూచెను. 1959లో ఆయన శిష్యుడు వటనాబే ఇరువదియొకటవ సంఖ్య గల ఆర్థ్రోస్కోపును సిద్ధముచేసెను. చిన్న రంధ్రముగుండ కీలును చూచుటయు, చెక్కుటయు, కుట్టుటయు క్రమముగా సాధ్యమయ్యెను.

సాధనము సులువైనపుడు పని పెరుగుట లోకసహజము. ఇంగ్లండులో భుజశిఖరమును చెక్కు చికిత్సలు 2000-01లో సుమారు 2,500 కాగా, 2009-10 నాటికి 21,000 దాటెను. చెక్కిన పిదప చాలమందికి బాగుగనే యుండెను. అయితే ఆ మేలు చెక్కుటవలననా, విశ్రాంతి వ్యాయామములవలననా, కాలక్రమమున దానంతట అదియేనా అను ప్రశ్నకు జవాబు లేకుండెను. ఇది కాడ్మన్ అడిగిన ప్రశ్నయే. ఇంగ్లండు వైద్యులు 313 మంది రోగులను మూడు వర్గములుగ చీటి వేసి విభజించిరి. ఒక వర్గమునకు ఎముక చెక్కిరి. రెండవ వర్గమునకు దర్శినితో చూచి ఊరకుండిరి. మూడవ వర్గమునకు శస్త్రచికిత్సయే చేయలేదు. 2017 చివర ప్రకటింపబడిన ఫలితము చెక్కినవారికిని, చూచి విడిచినవారికిని భేదము లేదని తేల్చెను. శస్త్రచికిత్స లేనివారికంటె కలిగిన మేలును లెక్కింపదగినంతటిది కాదు. స్నాయువు పూర్తిగా తెగనివారిపై జరిగిన పరీక్ష ఇది యని మాత్రము మరువరాదు.

యువకుల విషయమున నీర్ సిద్ధాంతము మరియొక కారణముచేతను చాలలేదు. బేస్‌బాల్ ఆటలో బంతి విసరువారి భుజములను చూచిన వైద్యులు, వారి స్నాయువులు పైభాగమున గాక లోవైపున చిరుగుచున్నవని గమనించిరి. 1992లో ఫ్రెంచి వైద్యుడు వాల్చ్, చేయి వెనుకకు విరిచి ఎత్తినపుడు స్నాయువు లోవైపు పల్లపు అంచునకు ఒత్తుకొనుటను వర్ణించెను. లాస్ ఏంజిల్సు వైద్యుడు ఫ్రాంక్ జోబ్, యువ ఆటగాండ్ర నొప్పికి మూలము కీలు సడలుటయే యనియు, పై యెముకను చెక్కుట వృథా యనియు బోధించెను. 1990లో ఆయన ఒరెల్ హెర్షైజరు అను ప్రసిద్ధ ఆటగాని భుజపు తొడుగును బిగించి కుట్టెను. ఆ ఆటగాడు 1991లో తిరిగి బంతి విసరి, 2000 వరకు ఆటలో నిలిచెను. కాని స్నాయువే పూర్తిగా తెగిన విసురుగాండ్రకు అట్టి భాగ్యము అరుదు. 2006లో ప్రకటింపబడిన ఒక అమెరికను పరిశీలనలో, విసరు చేతి స్నాయువు కుట్టించుకొన్న పండ్రెండుమంది వృత్తి పిచ్చరులలో ఒక్కడే తన పూర్వపు స్థాయికి చేరగలిగెను. ఇంత సూటిగా ఫలితమును ప్రకటించుటయు కాడ్మన్ పెట్టిన బాటయే.

ఈ చరిత్రవలన యువతీయువకులకు కలుగు ఉపయోగ మేమి? నేటి వైద్యులు భుజపు బాధను రెండు తెరగుల చూతురు. క్రమముగా పుట్టిన నొప్పియు, కొద్దిపాటి చిరుగును మొదటిది. దీనికి శ్రమను కొంతకాలము తగ్గించి, రెక్కయెముకను నిలుపు కండరములను, చేతిని త్రిప్పు కండరములను క్రమముగా బలపరచు వ్యాయామమే మొదటి చికిత్స. ఫలితము వారములలో గాక నెలలలో కనబడును. ఓర్పు లేక మధ్యలో మానుటయే ఇందు సామాన్యమైన విఘ్నము. పడుటచేతనో, బరువు హఠాత్తుగ లాగుటచేతనో స్నాయువు పూర్తిగా తెగుట రెండవది. ఇందు ఆలస్యము తగదు. తెగిన కండరము క్రమముగ వెనుకకు ముడుచుకొనును. కండలో క్రొవ్వు చేరును. ఫ్రెంచి వైద్యుడు గూటలియే 1994లో ఈ క్రొవ్వు చేరుటను మెట్లుగా విభజించి చూపెను. క్రొవ్వు మిక్కిలిగ చేరిన పిదప కుట్టినను పూర్వబలము రాదు. అందుచేత పనిచేయు వయసులోనివానికి దెబ్బతో స్నాయువు తెగినచో, త్వరగా పరీక్షించి కుట్టుటయే సామాన్యముగా మేలని వైద్యుల అభిప్రాయము.

కుట్టినంతమాత్రమున పని ముగియదు. స్నాయువు ఎముకకు అతుకుటకు కాలము కావలెను. సుమారు నాలుగు నుండి ఆరు వారములు చేయి జోలెలో నుండును. బలమునిచ్చు వ్యాయామము సుమారు మూడు నెలలకు మొదలగును. బరువుపనికిని ఆటకును ఆరు నెలలో, అంతకు మించియో పట్టును. కూలిచేసి బ్రతుకువానికి ఈ ఆరు నెలలు ఎట్లు గడచునన్న ప్రశ్న వైద్యశాస్త్రమునకు లోబడినది కాదు. అయినను ఆ ప్రశ్నకు జవాబు లేనిచో కుట్టు నిలువదు. నెల తిరుగకుండ బస్తా మోసినవాని స్నాయువు మరల తెగును. పరిహార శాసనములు పుట్టుటకు కారణ మిట్టి కష్టములే.

ఎక్స్ కిరణ చిత్రమున ఎముక బాగున్నదని చెప్పినను, పడిన నాటినుండి చేయి లేవని యువకుడు మరల వైద్యుని చూచి, స్నాయువును కూడ పరీక్షింపుమని కోరవలెను. నేడు ధ్వనితరంగముల పరీక్షయు, అయస్కాంత పరీక్షయు ఆ చిరుగును చూపగలవు. కత్తి వేయించుకొనవలెనని వైద్యుడు చెప్పినపుడు, ఇట్టివారికి ఏడాది తరువాత ఫలిత మెట్లున్నదని వినయముతో అడుగుటలో తప్పు లేదు. ఆ ప్రశ్నను మొదట వైద్యులనే అడిగిన కాడ్మన్ దానికై తన పదవిని, ఆదాయమును వదులుకొనెను. రోగి దానిని అడుగుటకు అట్టి త్యాగ మేమియు అక్కరలేదు.